డబ్బా మారింది, మందు మారలేదు: తెగుళ్ల మందులపై అపోహలు – వాస్తవాలు

తెగుళ్లను కలిగించే శిలీంద్రాలు ఏయే మందులను తట్టుకుంటున్నాయో పరీక్షించి చెప్పడం నా వృత్తి. తెగులు ముమ్మరంగా ఉండే రోజుల్లో ప్రయోగశాల తలుపు తీసేసరికే వరండాలో ఎవరో ఒకరు ఆకుల సంచితో కూర్చుని ఉంటారు. "మందులు మార్చి మార్చి కొట్టాను సార్, అయినా తగ్గలేదు" అన్నదే వారిలో చాలామంది మొదటి మాట. ఆ 'మార్చి మార్చి' వెనుక ఉన్న అపోహ రైతుల చేత పెట్టించినంత వృథా ఖర్చు మరేదీ పెట్టించడం నేను చూడలేదు కనుక ముందు దాని సంగతే చెబుతాను.

అపోహ: డబ్బా మారిస్తే మందు మార్చినట్లే.

ఒకసారి ఒక పెద్దాయన బూడిద తెగులు పట్టిన కీరదోస ఆకులతో పాటు మూడు ఖాళీ డబ్బాలను కూడా తెచ్చి నా బల్లపై వరుసగా పెట్టారు. మూడు కంపెనీలు, మూడు రంగులు, మూడు పేర్లు. పేరు కింద చిన్న అక్షరాలలో చూస్తే మొదటిది అజాక్సీస్ట్రోబిన్, రెండోది క్రెసాక్సిమ్ మిథైల్, మూడోది ట్రైఫ్లాక్సీస్ట్రోబిన్, టెబుకొనజోల్ కలిపిన మిశ్రమం. "మూడూ వేర్వేరే కదా సార్, ఇంకేం కొట్టమంటారు?" అని ఆయన అడిగితే తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే పెద్ద అక్షరాలను మాత్రమే చదివిన వారెవరికైనా అవి వేర్వేరుగానే కనిపిస్తాయి.

వాస్తవం ఏమిటంటే ఆ మూడు డబ్బాలలోనూ గ్రూపు 11కు చెందిన మందు ఉంది. శిలీంద్రాన్ని దెబ్బతీసే తీరును బట్టి మందులకు ఇచ్చిన సంఖ్యే ఈ గ్రూపు. ఈ గ్రూపు మందులన్నీ శిలీంద్ర కణంలోని సైటోక్రోమ్ బి అనే ఒకే ప్రోటీనును పట్టుకుని దాని శ్వాసక్రియను ఆపుతాయి. ఆ ప్రోటీనులో 143వ స్థానంలో ఉండే గ్లైసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు అలనిన్ అనే మరొకటి చేరితే చాలు, ఒక్క మందు కాదు, గ్రూపు మొత్తం దాదాపుగా చేయి జారిపోతుంది. పేరు చివర 'స్ట్రోబిన్' లేని ఫామోక్సడోన్, ఫెనమిడోన్ కూడా ఈ గుంపులోనివే. ఈ గుంపులోని తొలి మందులు 1996లో మార్కెట్లోకి వస్తే, 1998 నాటికే జర్మనీలో గోధుమ బూడిద తెగులు వాటికి లొంగకుండా పోయింది.

బూడిద తెగులు శిలీంద్రం సజీవమైన ఆకుపై తప్ప పెరగదు కనుక, దానిని ఆకు నుంచి గుండ్రంగా కత్తిరించిన బిళ్లలపైనే పరీక్షిస్తాం. పెద్దాయన తెచ్చిన నమూనాను ఉత్త నీరు చల్లిన బిళ్లలపైనా, పొలంలో వాడే పూర్తి మోతాదులో అజాక్సీస్ట్రోబిన్ చల్లిన బిళ్లలపైనా వేసి ఉంచాను. పదో రోజున రెండు పళ్లాలూ ఆయన ముందు పెడితే, ఏది నీటిదో ఏది మందుదో కింద రాసిన గుర్తు చూస్తే తప్ప చెప్పలేనంతగా రెండింటిపైనా తెల్లటి పొడి ఒకేలా పరుచుకుని ఉంది. మూడో డబ్బా కొట్టినప్పుడు తెగులు కాస్త తగ్గిందని ఆయన అన్నారు, అదీ నిజమే. అక్కడ పనిచేసింది గ్రూపు 3కు చెందిన టెబుకొనజోల్. మిశ్రమం అన్నది పేరుకే మిగిలి, భారమంతా అది ఒంటరిగా మోసింది. అలా మోయిస్తూ పోతే కొంతకాలానికి దానినీ పోగొట్టుకుంటాం.

కాబట్టి మందు మార్చడం అంటే గ్రూపు సంఖ్యను మార్చడం. ఆ సంఖ్యలను ఫ్రాక్ అనే అంతర్జాతీయ సంఘం నిర్ణయిస్తుంది. లేబుల్‌పై అది కనబడకపోతే సాంకేతిక నామాన్ని బట్టి ఆ సంఘం జాబితాలో చూసుకోవచ్చు. థయోఫనేట్ మిథైల్ మరీ విచిత్రం: మొక్కలోకి వెళ్లాక అది కార్బెండజిమ్ అనే మరో తెగుళ్ల మందుగా మారిపోతుంది, అయినా ఒకటి పనిచేయలేదని రెండోది కొట్టేవారిని నేను ప్రతి సీజనులోనూ చూస్తున్నాను.

అపోహ: మోతాదు రెట్టింపు చేస్తే లొంగుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సలహా నేనే ఒకరికి ఇచ్చాను, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. పంట పోయాక ఆయన పొలం నుంచి వేరుచేసిన, పూలను, కాయలను కుళ్లబెట్టే బొట్రైటిస్ శిలీంద్రాన్ని కార్బెండజిమ్ కలిపిన పళ్లాలలో పెంచి చూస్తే, లొంగే రకం లీటరుకు 1 మిల్లీగ్రాము దగ్గరే ఆగిపోగా, ఇది 100 మిల్లీగ్రాముల దగ్గర కూడా మందు లేని పళ్లెంలో పెరిగినంతే పెరిగింది. టెబుకొనజోల్ లాంటి ట్రైఅజోల్ మందుల విషయంలో నిరోధకత, అంటే మందును తట్టుకునే శక్తి, ఇలా ఒక్కసారిగా కాక మెట్టుమెట్టుగా వస్తుంది కాబట్టి అక్కడ మోతాదు తగ్గించి కొట్టడం కూడా ప్రమాదమే. లేబుల్‌పై ఉన్న మోతాదుకు తగ్గనూ వద్దు, మించనూ వద్దు.

అపోహ: మందే శిలీంద్రాన్ని మార్చేస్తుంది. కాదు. తట్టుకునే రకాలు కోట్ల సిద్ధబీజాలలో ఎక్కడో ఒకటీ అరా ముందు నుంచే ఉంటాయి, మందు మిగతావాటిని చంపి వాటికి చోటు ఖాళీ చేస్తుంది.

అపోహ: ఆకులోకి ఇంకకుండా పైనే ఉండి పనిచేసే పాత స్పర్శ మందులు పనికిరావు. మాంకోజెబ్, రాగి మందులు ఒకే చోట కాక శిలీంద్ర కణంలో అనేక చోట్ల దెబ్బ తీస్తాయి కనుకనే దశాబ్దాలుగా నిలబడ్డాయి. అయితే అవి తెగులు రాకముందే ఆకుపై ఉండాలి.

అపోహ: తెగులు తగ్గకపోతే అది నిరోధకతే. నా దగ్గరకు వచ్చే నమూనాలలో చాలావాటిలో శిలీంద్రం మందుకు చక్కగా లొంగుతుంది. ఆలస్యంగా కొట్టడమో, ఆకు అడుగుభాగం తడవకపోవడమో, అసలు అది బాక్టీరియా మచ్చ కావడమో అసలు కారణంగా తేలుతుంది. కంగారుపడి ఖరీదైన మందు కొనేముందు ఒకసారి పరీక్ష చేయించడం మేలు.

పరీక్షకు ఆకులను మళ్లీ పిచికారీ చేయకముందే, ఒకే మూల నుంచి కాకుండా చేనంతా తిరుగుతూ కనీసం పది మొక్కల నుంచి, ఎండిపోయిన మచ్చలు కాక తాజా మచ్చలున్నవి చూసి కోయాలి. ఆకుమచ్చ నమూనాలను కాగితపు కవరులో పెట్టాలి. పాలిథిన్ సంచిలో చెమ్మ పట్టి ఇతర బూజులు కమ్మేస్తే మాకు ఏమీ మిగలదు. బూజు తెగులు, బూడిద తెగులు నమూనాలను మాత్రం ఆకు వాడిపోకుండా చల్లగా ఉంచి ఒకటి రెండు రోజుల్లోనే చేర్చాలి. ఆ సీజనులో కొట్టిన మందుల సాంకేతిక నామాలను తేదీలతో ఒక కాగితంపై రాసి జతచేయాలి. అది కుదరకపోతే ఆ పెద్దాయన లాగా ఖాళీ డబ్బాలే తెచ్చి బల్లపై పెట్టినా సరే.