డబ్బా ఖాళీగా వస్తే తిన్నట్టేనా? బడి లంచ్ బాక్సుపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మన తెలుగు కుటుంబాలు ఎక్కువ. పిల్లల పోషకాహారం చూడటం నా వృత్తి. జూన్‌లో బడులు తెరిచాక నా దగ్గరికి వచ్చే అమ్మలందరిదీ ఒకే పాట: "మేడమ్, మావాడు బాక్సు ముట్టుకోడు." ఆ మాట వెనకాలే కొన్ని నమ్మకాలు కూడా వస్తాయి. వాటి సంగతి చూద్దాం.

అపోహ: బాక్సు ఖాళీగా వచ్చిందంటే తిన్నట్టే.

వాస్తవం: ఖాళీ బాక్సును బట్టి తెలిసేది ఒక్కటే, అందులో పెట్టింది ఇప్పుడు లేదని. పక్క బెంచీ వాడు తిని ఉండొచ్చు, బడి చెత్తబుట్టలో పడి ఉండొచ్చు. "మిగిల్చుకొస్తే వీపు చీరేస్తా" అనే ఇంటికి బాక్సు ఎప్పుడూ ఖాళీగానే వస్తుంది మరి. అందుకే మొట్టమొదట నేను చెప్పేది ఇది: మిగిలింది పారేయకుండా ఇంటికి తెమ్మనండి, తెచ్చినందుకు ఒక్క మాట కూడా అనకండి. రెండు వారాలపాటు బాక్సు సింకులో వేసే ముందు మూత తీసి చూడండి, అంతే.

రెండో తరగతి పాప ఒకామె ఉండేది. బీన్స్ కూర, చపాతీ పెడితే రోజూ సగం వెనక్కి. బీన్స్ అంటే పడదని వాళ్లమ్మ తేల్చేసింది. బాక్సు తెరిచి చూస్తే చపాతీ అంచులన్నీ కొరికి ఉన్నాయి, నడిమి భాగం కూరలో నీళ్లు పీల్చి మెత్తగా ముద్దయిపోయింది. బీన్స్ ముక్కలు ఏరుకుని మరీ తిన్నది. పాప వద్దన్నది తడిసిన చపాతీని. కూర ఇగరబెట్టి చిన్న గిన్నెలో విడిగా పెడితే సరిపోయింది.

ఇలాంటివి చాలా ఉంటాయి. కమలాపండు వలిచినట్టే లేకుండా తిరిగొస్తే, అది ఇష్టం లేక కాదు, వలవడం రాక. నాలుగు పక్కలా క్లిప్పులున్న డబ్బా మూత ఆరేళ్ల పిల్లకు ఊడిరాక, టీచర్‌ని అడగడానికి మొహమాటపడి ఊరుకుంటుంది. కొత్త బాక్సు కొన్నప్పుడు పిల్ల చేత ఇంట్లోనే తెరిపించి, మూయించి చూడండి.

అపోహ: మావాడికి మొండితనం, ఆకలేస్తే అదే తింటాడు.

వాస్తవం: కొత్త తిండిని చూసి వెనక్కి తగ్గడం రెండు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లల్లో మామూలే. వయసు తెచ్చే గుణమది, మీ పెంపకం లోపం కాదు. ఒక కూరను అంగీకరించడానికి పది, పదిహేను సార్లు కంటబడాల్సి రావచ్చు. మనం రెండుసార్లు పెట్టి, "దీనికి కాకరకాయ పడదు" అని ముద్ర వేసేస్తాం. అమెరికన్ డైటీషియన్ ఎలిన్ సాటర్ చెప్పిన పద్ధతి నాకు నచ్చుతుంది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల పని, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. చెప్పడం తేలికే, నానమ్మ పక్కన కూర్చుని "ఇంకో ముద్ద, మా బంగారం కదూ" అంటుంటే పాటించడం కష్టం.

అయితే ఆ పదిసార్ల ప్రయోగాలకు బడి బాక్సు చోటు కాదు. అక్కడ టైము తక్కువ, గోల ఎక్కువ, పక్కవాడు "ఛీ, ఇదేంటి" అంటాడనే భయం ఒకటి. కొత్తది సాయంత్రం ఇంట్లో, మీ కంచంలోంచి కొంచెం. బాక్సులో మాత్రం బాగా తెలిసినవే, వాటి పక్కన కొత్తది పెడితే ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్క మిగిలొచ్చినా నష్టం లేదు.

ఒక హెచ్చరిక. తినే పదార్థాలు నెలనెలా తగ్గిపోతున్నా, ముద్ద నోట్లో పెట్టగానే ఓకరిస్తున్నా, బరువు పెరగకపోయినా దాన్ని మారాం అనుకోవద్దు. పిల్లల డాక్టరుకు చూపించండి.

అపోహ: కూరలు కనపడకుండా రుబ్బి కలిపేస్తే పని అయిపోతుంది.

వాస్తవం: ఇడ్లీ పిండిలో క్యారెట్, చపాతీ పిండిలో పాలకూర కలపడం తప్పేమీ కాదు. కాకపోతే పిల్లకు పాలకూర రుచి ఎప్పటికీ పరిచయం కాదు. పైగా ఒకరోజు పట్టేసిందంటే ఇడ్లీని కూడా అనుమానంగా చూస్తుంది. కలపండి, కలిపినట్టు చెప్పండి. పొడులు ఇంకా మేలు: కరివేపాకు పొడి, నువ్వుల పొడి, కాస్త మునగాకు వేసిన కందిపొడి. నెయ్యి వేసి కలిపిన పొడి అన్నం వద్దనే తెలుగు పిల్లలు తక్కువ.

అపోహ: వెజిటేరియన్ పిల్లలకు ప్రొటీన్ చాలదు, పౌడర్ కలపాలి.

వాస్తవం: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు దాదాపు 23 గ్రాముల ప్రొటీన్ చాలు. గ్లాసు పాలలో సుమారు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 6, 7 గ్రాములు, గుప్పెడు వేరుశెనగల్లో అంతే. అన్నం, దోసెలలోంచి వచ్చేది వేరే. పప్పన్నం, పెసరట్టు, పల్లీ చట్నీ తినే ఇంట్లో డబ్బా పౌడర్‌కు డబ్బు పోయాల్సిన పని నాకు కనపడదు. కాల్షియం కోసమైతే రాగులు ఉన్నాయి; 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. బెంగళూరులో ఉంటూ రాగి పిండి వెతుక్కోవాల్సిన పనే లేదు. రాగి దోసె నల్లగా ఉందని వద్దంటే సగం మినప్పిండి కలిపి గుంత పొంగణాలుగా వేయండి, ఇక్కడివాళ్లు పడ్డు అంటారు. వేలితో పట్టుకుని తినేవి బాక్సులో త్వరగా ఖాళీ అవుతాయి.

అపోహ: రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున తాలింపు పెట్టి పంపితే వేస్టు ఉండదు.

వాస్తవం: ఇది నిజంగా ప్రమాదం. బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు వండినా చావవు. అన్నం రాత్రంతా గట్టు మీద ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. పైగా ఏడింటికి బస్సెక్కే పిల్ల పన్నెండున్నరకు తింటుంది. అన్ని గంటలు గోరువెచ్చని డబ్బాలో అన్నం. మిగిలింది చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున పొగలొచ్చేలా వేడిచేసి పెద్దవాళ్లు టిఫిన్‌గా తినేయండి. బాక్సులోకి తాజాగా వండిందే. వేడిగా ఉండాలంటే ఫ్లాస్కు డబ్బాలో మరిగే నీళ్లు పోసి పది నిమిషాలుంచి, పారబోసి, అప్పుడు పొగలుగక్కే తిండి పెట్టాలి. మామూలు స్టీలు డబ్బాకైతే ఆవిరి పోయాకే మూత, లేకపోతే నీరు పట్టి ముద్దవుతుంది.

పెరుగన్నానికి మా అమ్మ పద్ధతే ఇప్పటికీ నాది. మెత్తగా వండిన తాజా అన్నం మెదిపి, గోరువెచ్చగా అయ్యాక కాచిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలపడం. మధ్యాహ్నానికి తోడుకుని కమ్మగా ఉంటుంది, పులవదు. పైన నాలుగు దానిమ్మ గింజలు.

అపోహ: స్టీలు డబ్బా కొన్నాం, ఇక చెత్త లేదు.

వాస్తవం: డబ్బా స్టీలే, లోపల ఫాయిల్, టిష్యూ, చిన్న సాస్ ప్యాకెట్, పక్కన జ్యూస్ టెట్రాప్యాక్! కర్ణాటకలో ప్లాస్టిక్ చెంచాలు, తిండి చుట్టే ప్లాస్టిక్ పొర 2016లోనే నిషేధించారు, అయినా వంటింట్లో ఆ ప్లాస్టిక్ పొర చుట్ట కనపడుతూనే ఉంటుంది. ఫాయిల్‌లో నిమ్మకాయ పులిహోర చుట్టకండి, పులుపుకు అల్యూమినియం కొంత తిండిలోకి దిగుతుంది. దాని బదులు ఉతికిన నూలు గుడ్డ, మూతున్న చిన్న గిన్నె. పండ్లలో ఇక్కడ దొరికే చిన్న ఏలక్కి అరటిపండుకు సాటి లేదు: చిన్నపిల్లకు సరిగ్గా ఒక్కటి చాలు, తొక్కే దాని ప్యాకింగు. యాపిల్ కోసి పెట్టాలంటే ఉప్పునీళ్లలో ఓసారి ముంచండి, నల్లబడదు. ఐదేళ్లలోపు పిల్లలకు ద్రాక్ష నిలువుగా చీల్చే పెట్టాలి, గొంతుకు అడ్డం పడుతుంది.

అన్నిటికన్నా పెద్ద వేస్టు మాత్రం పిల్ల తినగలిగినదానికన్నా ఎక్కువ పెట్టడమే. ఐదేళ్ల పిల్లకు నాన్నగారి క్యారియర్‌లో సగం పెడుతున్నాం. ఎంత మిగిలొస్తోందో అంత రేపు తగ్గించండి. చాలకపోతే అడుగుతుంది.

గుడ్డు సంగతి చాలామంది అడుగుతారు. నిస్సంకోచంగా పెట్టొచ్చు, ఒక్క గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్. అయితే ఇక్కడ కొన్ని ప్రైవేటు బడులు బాక్సులో గుడ్డు, మాంసం ఒప్పుకోవు, ముందు డైరీలో నియమాలు చూడండి. ఒప్పుకోకపోతే గుడ్డు పొద్దున టిఫిన్‌లోకి మార్చండి.