రేకు కింద పాత కారు

ప్రియమైన పిల్లలూ,

బ్యాట్‌మాన్ కారు బొమ్మను మీరు నేల మీద దొర్లిస్తుంటే చూసినప్పుడల్లా దాని పుట్టుక గురించి చెప్పాలని మనసు ఉవ్విళ్లూరుతుంది. అసలు ఆ కారు బ్యాట్‌మాన్ కోసం తయారైనది కాదు.

1955లో అమెరికాలోని లింకన్ సంస్థ, రేపటి కార్లు ఎలా ఉంటాయో జనానికి చూపించాలని ‘ఫ్యూచురా’ అనే కారును ఒకే ఒక్కటి చేయించింది. అమ్మకానికి కాదు, ప్రదర్శనకు. ఇటలీలోని టూరిన్‌లో కార్ల బాడీలు కట్టే ఘియా అనే సంస్థ పనివాళ్ళు ఉక్కు రేకును చేత్తో మలిచి దాని బాడీ కట్టారు. ఖర్చు సుమారు 2,50,000 డాలర్లు. దాదాపు 19 అడుగుల పొడవు, ముత్యంలా మెరిసే తెలుపు, ముందు కూర్చునే ఇద్దరి తలల మీద చెరొక గాజు బుడగలాంటి కప్పు! 1959లో ఒక సినిమా కోసం దానికి ఎరుపు రంగు వేశారు. ఆ తర్వాత కార్ల రూపం మార్చడంలో పేరున్న జార్జ్ బారిస్ చేతికి వచ్చి, ఏళ్ల తరబడి అలాగే పడి ఉంది.

1965లో బ్యాట్‌మాన్ టీవీ ధారావాహికకు కారు కావాల్సి వచ్చింది. గడువు మూడు వారాలే. అంత తక్కువ సమయంలో కొత్త కారు కట్టడం కుదరదు కాబట్టి, ఫ్యూచురాలో అప్పటికే ఉన్న పోలికలను బారిస్ బృందం సాగదీసింది. వెనక నిక్కి ఉన్న రెక్కలను ముందుకు పొడిగించి, అంచులను గబ్బిలం రెక్కల్లా వంపులుగా కోశారు. ముక్కును గబ్బిలం ముఖంగా మలిచారు. నల్ల రంగు వేసి, అంచుల వెంట ఎర్రని సన్నగీత గీశారు. 1966 జనవరి 12న ఆ కారు టీవీలో తొలిసారి కనిపించింది.

పాత కారును పుట్టినప్పుడు ఎలా ఉందో అలా తిరిగి నిలబెట్టడం పునరుద్ధరణ. ఉన్నదాన్ని కోసి, అతికి వేరే రూపమివ్వడం మరో పని. మరి ఈ కారును పునరుద్ధరించాలంటే ఏ రూపానికి తేవాలి? తెలుపు ఫ్యూచురాకా, నల్ల గబ్బిలానికా? నా మటుకు నల్లదే సరి. తెలుపు కావాలంటే బారిస్ చేసిన పనంతా తుడిచేయాలి. ఆ పనికి చరిత్రలో ఫ్యూచురాతో సమానమైన చోటుందని నా నమ్మకం. 2013లో అరిజోనా వేలంలో 46.2 లక్షల డాలర్లు పలికింది కూడా ఆ నల్ల రూపమే.

అసలు ఏమీ చేయకుండా వదిలేయడమూ ఒక దారే. 1968 నాటి ‘బుల్లిట్’ సినిమాలోని ఆకుపచ్చ మస్టాంగ్ కారును దాని యజమానులు గీతలు, తుప్పుతో సహా అలాగే ఉంచారు. కెమెరాలు బిగించడానికి అడుగున అతికిన ఇనుప ముక్కలు కూడా దానికి ఇంకా ఉన్నాయి. కొత్త రంగు వేసి, అడుగు శుభ్రం చేసి ఉంటే ఆ ముక్కలు పోయేవి. నాకు ఆ కారంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

ఇక మీ బొమ్మను ఒకసారి వెలుతురులో పెట్టి ముందు అద్దం చూడండి. నిటారు పలకలా కాకుండా పక్కపక్కనే రెండు గుండ్రటి వంపులు కనిపిస్తాయి. ఫ్యూచురా బుడగల్లో మిగిలిన ముందు భాగాలు అవే.

ప్రేమతో,
తాతయ్య