ఫైర్ ఇంజన్ పైపు అంత లావెందుకు?

“మొక్కలకు నీళ్లు పట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్లు గోడ దాటి పడతాయి. అంటే సన్నగా ఉంటేనే కదా సార్ ఫోర్సు? మరి మా లాడ్జిలో అంతస్తుకొకటి చొప్పున ఆ లావుపాటి పైపులే పెట్టాలని ఫైర్ డిపార్టుమెంటువాళ్లు ఎందుకు పట్టుబడతారు? సన్నవైతే ఖర్చు కూడా కలిసొస్తుంది.” తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో లాడ్జి నడిపే ఒకాయన అడిగిన ప్రశ్న ఇది.

మంటకు గాలి, వేడి, ఇంధనం మూడూ కావాలన్న పాఠం అందరూ చదివిందే, దాని జోలికి పోను. ఈ బొటనవేలిని మాత్రం వదలబుద్ధి కావడం లేదు.

క్లాసులో మనం చెప్పే జవాబు ఒకటుంది. దారి ఇరుకైతే వేగం పెరుగుతుంది, ఎందుకంటే పైపులో ఇటు ఎంత నీరు దూరితే అటు అంతే బయటికి రావాలి. బోర్డు మీద సూత్రం రాసి, చుట్టూ డబ్బా గీసి, తర్వాతి పాఠానికి వెళ్లిపోతాం. సూత్రం తప్పు కాదు కానీ మూతి నొక్కాక కూడా నీరు మునుపటంతే వస్తోందని మనం ఊరికే అనేసుకున్నాం. బకెట్ పెట్టి చూడండి. మూతి వదిలేస్తే చప్పున నిండే బకెట్, నొక్కి పట్టుకుంటే చాలా నింపాదిగా నిండుతుంది. నీరు తగ్గింది, వేగం పెరిగింది. డబ్బాలో గీసిన సూత్రం ఒక్కటే దీన్ని చెప్పలేదు. మార్కులు రావాలంటే మాత్రం అదే రాయాలి, అది వేరే బాధ.

మేడ మీద ట్యాంకు 10 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. పైపులో రాపిడి అసలు లేకపోతే కింద నీరు సెకనుకు 14 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది. మూతి నొక్కినా అంతే, వదిలేసినా అంతే. అది ఎత్తు ఇచ్చిన వేగం, అంతకు మించి రాదు. మరి మామూలుగా పైపులోంచి నీరు కాళ్ల దగ్గరే ఎందుకు కారుతుంది? దారి పొడవునా పైపు గోడల రాపిడి ఆ బలాన్ని తినేస్తుంది కాబట్టి. ఈ తిండి కూడా నీటి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. లోపల నీరు రెండింతల వేగంతో పోతే నష్టం నాలుగింతలు, మూడింతలైతే తొమ్మిదింతలు.

ఇప్పుడు మూతి నొక్కండి. బయటికి వచ్చే నీరు మూడో వంతుకు తగ్గితే పైపు లోపల నడక కూడా మూడో వంతే. నష్టం తొమ్మిదో వంతుకు పడిపోతుంది. ట్యాంకు ఎత్తు ఇచ్చిన ఒత్తిడి ఇంచుమించు చెక్కుచెదరకుండా మూతి దాకా వస్తుంది. బొటనవేలు కొత్తగా ఇచ్చిన బలం ఏమీ లేదు, దారిలో పోయేదాన్ని పోకుండా ఆపిందంతే. మరీ గట్టిగా నొక్కితే నీరు సన్నటి తుంపరగా విరిగి గాలిలోనే ఆగిపోతుంది, అది ఇంకో సంగతి.

మంట దగ్గర నీరు దూరం పోతే సరిపోదు, బోలెడంత నీరు దూరం పోవాలి. నీరు తగ్గించి ఒత్తిడి కాపాడుకునే బొటనవేలి కిటుకు ఇక్కడ చెల్లదు. నీరు తగ్గకుండానే లోపల నెమ్మదిగా నడవాలి. దానికి దారి ఒకటే: మూతి సన్నగా ఉండాలి, మిగతా పైపంతా లావుగా ఉండాలి.

ఎంత లావు? అదే నీటిని సగం వ్యాసం ఉన్న పైపులో పంపితే వేగం నాలుగింతలు కావాలి. వేగం వర్గం అంటే పదహారింతలు. పైగా సన్న పైపులో నీటి పరిమాణంతో పోల్చితే గోడ తగిలే పాలు ఎక్కువ, అక్కడ మరో రెండింతలు. మొత్తం 32 ఇంతలు. అంటే నష్టం వ్యాసం ఐదో ఘాతానికి విలోమంగా ఉంటుంది. ఐదో ఘాతం ఎదురయ్యే చోట్లు నిత్యజీవితంలో చాలా తక్కువ, అందుకే నాకు దీని మీద ఇంత మోజు.

మన దేశంలో ఫైర్ హోస్ (మంటలార్పే గుడ్డ పైపు) లోపలి వ్యాసం మామూలుగా 63 మిల్లీమీటర్లు, ఒక్కో పైపు పొడవు 15 మీటర్లు. 20 మిల్లీమీటర్ల నాజిల్ (పైపు చివర బిగించే సన్నటి మూతి) దగ్గర 7 బార్ ఒత్తిడి ఉంటే (ఒక బార్ అంటే దాదాపు 10 మీటర్ల నీటి ఎత్తు) నిమిషానికి 700 లీటర్లు, గంటకు 135 కిలోమీటర్ల వేగంతో బయటికి చిమ్ముతాయి. అదే నీరు పైపు లోపల సెకనుకు 4 మీటర్లు కూడా నడవదు. ఒక్కో పైపులో నష్టం సుమారు మూడో వంతు బార్. ఇంతే నీటిని 38 మిల్లీమీటర్ల పైపులో పంపితే నష్టం పన్నెండింతలు దాటి, ఒక్కో పైపుకు 4 బార్ పోతుంది. లాడ్జి ఆయన కోరే సన్న పైపు ఒక అంగుళం ఉందనుకుంటే వంద ఇంతలు! అంటే 30 బార్ పైమాటే, అదీ ఒక్క పైపులోనే. నాజిల్ దాకా చేరేది కాళ్లు తడుపుకోవడానికి సరిపోతుంది.

అయితే చాలా లాడ్జిల్లో ఎర్ర చక్రానికి చుట్టిన సన్నటి రబ్బరు పైపు కూడా ఉంటుంది కదా, అదెందుకు? దాని మూతి 5 మిల్లీమీటర్లే. మూతి దగ్గర 3 బార్ ఉంటే నిమిషానికి 29 లీటర్లు వస్తాయి. నీరు ఇంత తక్కువ కాబట్టి రాపిడి పెద్ద లెక్కలోకి రాదు, ఒక్క మనిషే లాక్కెళ్లి పరుపు మీద పడ్డ నిప్పును ఆర్పెయ్యవచ్చు. ముందు కరెంటు మెయిన్ ఆపాలి, వంటగదిలో మరిగే నూనె అంటుకుంటే నీళ్ల జోలికే పోకూడదు.

తోలు పైపును మొదట గట్టిగా వాడకంలోకి తెచ్చినవాడు ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన చిత్రకారుడు యాన్ వాన్ డెర్ హైడెన్. 1670లలో తన సోదరుడితో కలిసి ఆ పని చేశాడు. ఊరి బొమ్మలు గీసే మనిషికి ఊరు తగలబడకుండా చూసే పిచ్చి పట్టడం నాకు భలే నచ్చుతుంది.

రాపిడి తినగా మిగిలినదాన్ని ఎత్తు తింటుంది. ప్రతి 10 మీటర్లకు ఒక బార్, అందులో బేరం లేదు. అయిదో అంతస్తుకు ఒకటిన్నర బార్ పోయినా పంపు తట్టుకుంటుంది. అలిపిరిలో ఇంజన్ నిలబెట్టి తిరుమలకు నీళ్లు ఎక్కించాలంటే ఎత్తుకే సుమారు 70 బార్ కావాలి, ఇలాంటి గుడ్డ హోసు అంత భరించదు. శేషాచలం అడవి అంటుకుంటే సిబ్బంది పచ్చి కొమ్మలతో కొట్టడం, ఎండుటాకులు ఊడ్చి మంటకు అడ్డుబాట తియ్యడం ఇందుకే. 2014 మార్చిలో వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో డెమో చేస్తుంటే నాజిల్ వైపు కాదు, రోడ్డు మీద పైపు వైపు చూడండి. చాపలా పడి ఉన్న గుడ్డ పైపు పంపు వైపు నుంచి ఉబ్బుతూ వస్తుంది. మడత ఉన్న చోట ఒక్క క్షణం ఆగి, దబ్బున విచ్చుకుంటుంది. నాజిల్ ముందు గాలిని తుమ్ముతుంది, తర్వాత నీరు. ఆ క్షణంలో పట్టుకున్నవాళ్లు కాలు వెనక్కు వేసి నిలబడతారు. నీటిని అంత వేగంతో ముందుకు నెడితే అది మనల్ని వెనక్కు నెడుతుంది కదా. పైన చెప్పిన నాజిల్‌కు ఆ తోపు 45 కిలోల బరువంత. ఒక్కరే పట్టుకుంటే చెయ్యి జారడం ఖాయం, జారితే ఆ ఇత్తడి మూతి ఎవరి తలకు తగులుతుందో చెప్పలేం. పైగా నీరు నిండిన ఒక్కో పైపులో 47 కిలోల నీళ్లుంటాయి, లాగి తిప్పడం అంత తేలిక కాదు. నాజిల్‌ను టక్కున మూసినా ప్రమాదమే. నడుస్తున్న నీరంతా ఒక్కసారిగా ఆగి, ఆ దెబ్బ ఒత్తిడి తరంగమై పంపు దాకా వెనక్కు పోతుంది. సాగే గుడ్డ పైపులో కొంత నయం, ఇనుప పైపులో అదే దెబ్బ పదుల బార్లకు వెళుతుంది. అందుకే మెల్లగా మూయాలి.

ఇక సంరక్షణ. లాడ్జి ఎర్ర పెట్టె తెరిస్తే సాధారణంగా కనిపించేవి చీపురు, ఖాళీ ఫినాయిల్ డబ్బా, ఎలుక కొరికిన పైపు. నాజిల్ ఉండదు, అది ఎప్పుడో పాత సామాన్ల కొట్టుకు చేరి ఉంటుంది. నాజిల్ లేకపోతే పైపు ఎంత లావైనా నీరు విసురుగా పోదు, బొటనవేలు లేని తోట పైపే అది. దసరాకు మాత్రం హైడ్రెంట్ వాల్వుకు (ఆ పైపు తగిలించే పెద్ద కుళాయికి) పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, కర్పూరం వెలిగిస్తారు. ఆయుధపూజను నేను కాదనను, ఆ పూట ఆ చక్రాన్ని ఒక్కసారి తిప్పి నీళ్లు వస్తున్నాయో లేదో చూడమంటాను. వాస్తు పేరు చెప్పి సంపు ఈశాన్యంలో, పంపు ఆగ్నేయంలో పెట్టించేవాళ్లతో ఇంకో చిక్కు. పంపు నీటిని పైకి పీల్చగలిగేది కాగితం మీద 10 మీటర్లు, నిజంలో 7 మీటర్లు. మధ్యలో భవనమంత పొడవు పైపు పెడితే అందులోనూ రాపిడి కోత ఉంటుంది.

వాడిన పైపును మంచినీటితో కడిగి, లోపలి నీరంతా కారేలా ఎత్తుగా వేలాడదీసి, నీడలో ఆరబెట్టాలి. మన మే నెల ఎండలో పరిస్తే త్వరగా ఆరుతుంది కానీ లోపలి రబ్బరు గట్టిబడి పగులుతుంది. తడిగా చుట్టి పెడితే బూజు. మూడు నాలుగు నెలలకోసారి విప్పి, మడత వేరే చోట పడేలా చుట్టాలి. రోడ్డుకు అడ్డంగా వేసినప్పుడు బండ్లు దాని మీదుగా పోనివ్వకూడదు. కప్లింగ్ (పైపు కొసన ఉండే లోహపు బిగింపు) కింద పడి కొంచెం సొట్టపోయినా రెండోది అందులో కూర్చోదు. మేల్ కొస (లోపలికి దూరేది) హైడ్రెంట్‌కు, ఫిమేల్ కొసలోకి (దూర్చుకునేది) నాజిల్, ‘టక్’ మని వినిపించాక ఒకసారి లాగి చూడాలి. ఫిమేల్ కొస లోపల వేలు పెట్టి తడిమితే రబ్బరు వాషర్ తగలాలి. అది ఎండిపోయినా, ఊడిపోయినా నీరు జాయింటు దగ్గరే చిమ్మిపోతుంది. వాషర్‌కు గ్రీజు పూయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. కొత్తది వేసుకోండి.