లేత ముక్క అడిగితే మొదటికే మోసం: బ్రజాటో మీద అపోహలు - వాస్తవాలు

ఇటలీ వాయవ్య మూలన పీడ్‌మాంట్‌లో, ఆల్బా దగ్గర ఒక చిన్న హోటల్ వంటింట్లో నాలుగేళ్లు పనిచేసి వచ్చాను. ఇప్పుడు హైదరాబాద్‌లో శని, ఆదివారాలు వంట నేర్పుతుంటాను. పిజ్జా, పాస్తా చేతికొచ్చాక అందరూ అడిగేది ఒక్కటే: మాంసాన్ని కొట్టకుండా ఒకే పెద్ద ముక్కగా కుండలో పెట్టి గంటలకొద్దీ ఉడికించే ఆ వంట. ఇంగ్లిష్‌ వాళ్ల మాట పాట్ రోస్ట్. పీడ్‌మాంట్‌లో బ్రజాటో అంటారు, టస్కనీలో స్ట్రాకోట్టో. స్ట్రాకోట్టో అంటే మామూలు కంటే బాగా ఎక్కువ ఉడికినదని అర్థం. బ్రజాటో అన్న పేరు నిప్పు కణికల నుంచి పుట్టింది. ఒకప్పుడు గిన్నె కింద, మూత మీద కణికలు పెట్టి వండేవాళ్లు. దమ్ బిర్యానీ తెలిసినవాళ్లకు ఇదేం వింత కాదు. అయినా ప్రతి బ్యాచ్‌లోనూ అవే మాటలు వింటున్నాను.

"మంచి లేత మాంసం తెస్తేనే మెత్తగా వస్తుంది"

డబ్బూ మాంసమూ రెండూ తగలేసే అపోహ ఇది. లేత ముక్క త్వరగా ఉడికే వంటలకు బాగుంటుంది. దాన్ని మూడు గంటలు పొయ్యి మీద ఉంచితే నమిలినా మింగుడుపడదు.

ఎందుకంటే, అరవై డిగ్రీలు దాటేసరికి కండ బిగుసుకుని తనలోని నీటిని బయటికి పిండేస్తుంది. చుట్టూ ఎంత రసం ఉన్నా ఇది ఆగదు. కండల మధ్య ఉండే కొల్లాజెన్ అనే గట్టి పొర డెబ్బై డిగ్రీలు దాటాకే కరగడం మొదలవుతుంది, పూర్తిగా కరగడానికి గంటలు పడుతుంది. కరిగి జెలటిన్ అవుతుంది. కాళ్ల పులుసు రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకు గడ్డకడుతుందే, ఆ జిగురు అదే. అంటే పొర కరిగే వేళకు కండలో నీరు చాలావరకు పోయి ఉంటుంది. కిలోన్నర ముక్క కిలోకు దగ్గరగా దిగిపోతుంది. అయినా నోట్లో పెట్టుకుంటే రసం ఊరుతున్నట్టు అనిపిస్తుందంటే అది ఈ జెలటిన్, కొవ్వుల చలవే. లేత ముక్కలో ఆ రెండూ తక్కువ. నీళ్లు పోయాక మిగిలేది పీచే.

కాబట్టి జంతువు బాగా వాడిన కండ కావాలి: జబ్బ, కాలి పిక్క, దవడ. పీడ్‌మాంట్‌లో దీనికి బాగా వాడే ఒక ముక్క ఉంది, జబ్బ దగ్గర మూడు మూలలుగా ఉంటుంది. దాన్ని 'పూజారి టోపీ' అంటారు, పాతకాలపు చర్చి ఫాదర్ల టోపీలా ఉంటుందని. పెద్దకూర తినే ఇళ్లలో ఈ వంటకు జబ్బ ముక్కను మించింది లేదు. షాపులో మాత్రం ముందే చెప్పండి, "కొట్టకు అన్నా, ఒకే ముక్కగా ఇయ్యి" అని. మనం డబ్బులు లెక్కపెట్టేలోపు కత్తి నాలుగు దెబ్బలు వేసేస్తుంది, అలవాటు మరి.

"మటన్‌తో చేయొద్దా తమ్ముడూ?" అని క్లాసులో ఒక అక్క అడిగింది. ఎందుకు చేయకూడదక్కా, భేషుగ్గా వస్తుంది. ఎముకతో ఉన్న మేక జబ్బ మొత్తం తీసుకోండి. చిన్నది కనుక రెండు, రెండున్నర గంటల్లో అయిపోతుంది.

"ముందు ఎర్రగా కాలిస్తే రసం లోపలే లాక్ అవుతుంది"

ఈ మాటను 1847 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చింది యూస్టస్ ఫాన్ లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త. తప్పని తేలి చాలాకాలమైనా వంటిళ్లలో ఇంకా నడుస్తోంది. ల్యాబ్ అక్కర్లేదు, చెవి పెట్టి వినండి. పెనం మీద ముక్క 'చుయ్'మంటూనే ఉంటుంది. ఆ చప్పుడు బయటికొస్తున్న నీళ్లదే. తలుపు మూసుకుంటే చప్పుడెందుకు?

అలాగని కాల్చడం మానకండి. కాల్చేది రుచి కోసం. ఆ ఎర్రదనం, ఆ కమ్మటి వాసన వెనకున్న చర్యను 1912లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మయార్ వివరించాడు, అందుకే దానికి ఆయన పేరే పెట్టారు. అది బాగా జరగాలంటే పైపొర వేడి, నీటి మరుగుస్థానాన్ని దాటిపోవాలి. తడి ముక్క వంద దగ్గరే ఆగిపోయి, ఎర్రబడకుండా ఉడుకుతుంది. వైన్‌లో రాత్రంతా నానబెట్టిన బ్రజాటో ముక్కను పొడిగుడ్డతో బాగా అద్ది, అప్పుడు పెనం మీద వేయండి.

"కుతకుతమంటుంటేనే ఉడుకుతున్నట్టు"

ఇందులో నేనూ దెబ్బతిన్నాను. ఇటలీ నుంచి వచ్చిన కొత్తలో ఇంట్లో చుట్టాలందరినీ పిలిచాను. ఒంటిగంటకు భోజనాలన్నాను, పన్నెండు దాటినా ముక్క గట్టిగానే ఉంది. కంగారుపడి మంట పెంచాను. రసం కుతకుతమంది, మా బాబాయి వాసన బాగుందన్నాడు. కోసి వడ్డిస్తే కొబ్బరి పీచు. "నాలుగేళ్లు ఇదేనా నేర్చుకుంది?" అని పిన్ని మొహం మీదే అడిగింది.

ఆ రోజు నేను మర్చిపోయింది ఈ వంటలో మధ్యలో వచ్చే గట్టి దశని. గంటన్నర దగ్గర ముక్క పచ్చిగా ఉన్నప్పటికంటే గట్టిగా ఉంటుంది: కండ బిగుసుకుంది, పొర ఇంకా కరగలేదు. అక్కడ మంట పెంచితే కండ ఇంకా బిగుసుకుంటుంది. అక్కడే ఆపేసి వడ్డించినా అంతే. ఓపిక పడితే అక్కడినుంచి నెమ్మదిగా వదులవుతుంది. లోపలి వేడి తొంభై నుంచి తొంభై అయిదు డిగ్రీల మధ్యకు వచ్చి, కాసేపు అక్కడ నిలిచాక, గుచ్చిన ఫోర్క్ అడ్డులేకుండా దిగుతుంది.

నేపుల్స్‌లో సన్న సెగ మీద రసం ఉడికే తీరుకు ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, 'పిప్పియారె' అని. కుతకుత కాదు. ఒక బుడగ 'గుబుక్'మని తేలుతుంది, కాసేపాగి ఇంకోటి. గ్యాస్ మీద అంత సన్న సెగ నిలవకపోతే కింద పెనం పెట్టండి. ఓవెన్ ఉంటే నూట యాభై డిగ్రీలు, మూత బిగువుగా ఉన్న మందపాటి గిన్నె. కిలోన్నర ముక్కకు మూడు, మూడున్నర గంటలు.

"కుక్కర్‌లో చేస్తే అది ఇటాలియన్ కాదు"

ఇటలీ ఇళ్లలోనూ కుక్కర్లున్నాయి, బ్రజాటోకూ వాడతారు. లోపల వేడి నూట ఇరవై డిగ్రీల దాకా వెళ్తుంది కనుక గంట, గంటంబావులో పొర కరుగుతుంది. విజిల్స్ లెక్కపెట్టకండి. ఒక విజిల్ రాగానే మంట పూర్తిగా తగ్గించి గడియారం చూసుకోండి. ఆవిరిని బలవంతంగా వదలకండి, ఒక్కసారిగా ప్రెషర్ పడిపోతే ముక్క లోపలి నీరు మరిగి కండ చీలిపోతుంది. దానంతట అది చల్లారాక ముక్క తీసి పక్కన పెట్టి, రసాన్ని మూత లేకుండా సగానికి మరిగించండి. కుక్కర్ బ్రజాటో చప్పగా ఉందనేవాళ్లు వదిలేసేది ఈ చివరి పనినే.

"బరోలో వైన్ లేకపోతే కుదరదు; పోసినా ఆల్కహాల్ మొత్తం ఆవిరైపోతుంది"

రెండూ తప్పే. బరోలో అంటే నెబ్బియోలో ద్రాక్షతో చేసి కనీసం ముప్పై ఎనిమిది నెలలు మాగబెట్టిన వైన్. మూడు గంటలు ఉడికాక ఆ మాగుడు సువాసనల్లో చాలామటుకు పోతాయి. మిగిలేది పులుపు, వగరు, రంగు. బరోలో పేరుతో పండగ వంట చేయాలంటే అదే పోయాలి, కాదనను. రోజువారీకి అదే ప్రాంతపు బార్బెరా చాలు, ఇక్కడైతే తీపి లేని ఏ రెడ్ వైన్ అయినా సరే. మన షాపుల్లో దొరికే తియ్యటి పోర్ట్ మాత్రం వద్దు, రసం మరిగి చిక్కబడేసరికి పాకంలా తయారవుతుంది.

ఇక ఆల్కహాల్. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం పావుగంట ఉడికితే నలభై శాతం, గంట ఉడికితే పాతిక శాతం, రెండున్నర గంటలకు అయిదు శాతం మిగులుతుంది. సీసా వైన్ పోసిన గిన్నెలో చివరికి ఉండే ఆల్కహాల్ సుమారు ఒక టీస్పూన్. మీకది లెక్కలోకి రాకపోవచ్చు. మతం వల్లో, మందుల వల్లో, మానేసిన అలవాటు వల్లో ఒక్క చుక్కా వద్దనుకునే అతిథి ఉంటే మాత్రం "అంతా పోయిందిలే" అని పెట్టకండి. వాళ్లకోసం వేరే వంట ఉంది, కింద చెప్తాను.

"ఇటాలియన్ అంటే టమాటా, వెల్లుల్లి, ఆరెగానో"

బ్రజాటోలో పడేవి వినండి: దాల్చినచెక్క, లవంగాలు, మిరియాలు, ఆకు. విన్నవాళ్లు నవ్వుతారు, "ఇది మా మసాలానే కదా" అని. ఒక్క తేడా, వాళ్ల ఆకు మన బిర్యానీ ఆకు కాదు. మనది దాల్చిన చెట్టుకు దగ్గరి చుట్టం, పొడుగునా మూడు ఈనెలుంటాయి, చెక్క వాసన. వాళ్లది లారెల్, మధ్యలో ఒకటే ఈనె, వాసన వేరు. మార్చి వేస్తే వంట పాడవదు గానీ కుర్మా దారి పడుతుంది. చాలామంది బ్రజాటోలో టమాటా వేయనే వేయరు. టస్కనీ స్ట్రాకోట్టోలో వేస్తారు.

అడుగున ఉల్లి, క్యారట్, సెలరీ సన్నగా తరిగి వేయిస్తారు, అది సొఫ్రిట్టో. పేరులోనే 'కొంచెం వేయించడం' ఉంది. మనం కూరకు వేయించినట్టు ఎర్రగా కాదు, పావుగంట సన్న సెగ మీద మెత్తబడితే చాలు.

ఉల్లిపాయ మీద బతికే మనకు అసలు చేయాల్సిన వంట ఇంకోటుంది: నేపుల్స్ వాళ్ల జెనొవేజె. పేరులో జెనోవా నగరం ఉంది, వంట మాత్రం నేపుల్స్‌ది. మాంసం కిలో అయితే ఉల్లిపాయలు కిలోన్నర, రెండు కిలోలు. టమాటా లేదు. అక్కడ మోంటోరో ఊరి రాగిరంగు ఉల్లిని గొప్పగా చెప్పుకుంటారు. నీళ్లు దాదాపు పోయనక్కర్లేదు, ఉల్లిలో పదింట తొమ్మిది పాళ్లు నీరే. మొదటి గంట తెల్లటి చారులా ఉంటుంది, చూసి దిగులేస్తుంది. నాలుగో గంటకు ఉల్లి పాయలన్న ఆనవాలు లేకుండా బంగారు రంగు ముద్ద అవుతుంది. చిన్న గ్లాసు వైట్ వైన్ పోస్తారు, మానేసినా లోటు తెలియదు. వైన్ వద్దన్న అతిథికి ఇదే నా జవాబు. గొట్టాల్లాంటి జీటి పాస్తాను విరిచి ఆ ఉల్లి ముద్దలో కలుపుతారు, మాంసం తర్వాత విడిగా తింటారు.

చివరగా చిన్నవి కొన్ని. ముక్క మునిగేలా రసం పోయాలనుకోవద్దు, సగం దాకా చాలు, మూత కింద ఆవిరి మిగతా పని చూసుకుంటుంది. చేత్తో పీకితే పోగులుగా ఊడాలన్నది అమెరికన్ల లెక్క. బ్రజాటోను ముక్కలుగా కోసి, వడకట్టిన చిక్కటి రసం పోసి పొలెంటాతో పెడతారు. పొలెంటా అంటే మొక్కజొన్న రవ్వ సంకటే. దించిన వెంటనే కోస్తే ముక్క విరిగిపోతుంది. రసంలోనే చల్లారనిచ్చి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పోగులకు అడ్డంగా కోసి, ఆ రసంలోనే వెచ్చబెట్టండి. ఒకరోజు ముందే వండుకుంటే పిన్నిల ముందు కంగారు కూడా ఉండదు.

మిగిలినది పారేయరు. పీడ్‌మాంట్‌లో దాన్ని సన్నగా తరిగి, పలచటి పిండి రేకులో పెట్టి, వేళ్లతో గిల్లి మూసి ఆన్యొలొట్టి దెల్ ప్లిన్ చేస్తారు. ప్లిన్ అంటే ఆ గిల్లుడే. నేనైతే దోసెలో పెట్టుకుంటాను. ఆల్బాలో ఈ సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు.