తల ఊపితే అర్థమైనట్టేనా? షుగర్ పేషెంట్లకు నేర్పే మాలోని అపోహలు - వాస్తవాలు

షుగర్ క్లినిక్‌లో నా పని మందు రాయడం కాదు. డాక్టరు గారు రాసిచ్చినదాన్ని ఇంటికెళ్ళి ఎలా వాడుకోవాలో పేషెంటుకు నేర్పడం. నర్సుగా మొదలుపెట్టి ఈ గదిలోకి వచ్చి చాలా ఏళ్ళయింది. పేషెంట్లకున్న అపోహల మీద బోలెడన్ని రాతలున్నాయి. నేర్పే మాకున్న అపోహల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

అపోహ: చెప్పాం, తల ఊపారు, అర్థమైనట్టే.

ఈ భ్రమ నాకు వదిలించింది ఒక పెద్దాయన. ఇన్సులిన్ పెన్ను మొదలుపెట్టి నెలయినా పరగడుపు షుగర్ 300 కిందికి దిగలేదు. డాక్టరు గారు డోసు పెంచుతూ పోయారు. "రోజూ వేసుకుంటున్నారా బాబాయ్?" అంటే "ఒక్క పూట తప్పలేదమ్మా. పైగా బొత్తిగా నొప్పే లేదు" అన్నాడు సంబరంగా. ఆ మాట దగ్గరే నాకు అనుమానం తగిలింది. ఇంట్లో ఎలా వేసుకుంటారో అలాగే వేసుకోమని పెన్ను చేతికిచ్చాను. సూది బిగించాడు. పైనున్న పెద్ద మూత తీశాడు. లోపల సూదిని కప్పుతూ సన్నటి చిన్న మూత ఇంకోటి ఉంటుంది, దాన్ని మాత్రం తీయలేదు. అలాగే పొట్టకు ఆనించి, బటన్ నొక్కి, నేను చెప్పినట్టే పది అంకెలూ లెక్కపెట్టాడు. మందంతా పంచె మీదికి కారింది.

నేర్పింది నేనే. రెండు మూతలూ చకచకా తీసేసి చూపించి ఉంటాను. చెయ్యి తిరిగినవాళ్ళకు అవి రెండు పనులని తట్టదు. "అర్థమైందా?" అన్నాను, ఆయన "ఆఁ" అన్నాడు. ఆస్పత్రిలో ఆ ప్రశ్నకు "కాలేదు" అనేవాళ్ళు ఎంతమంది? నయం, డాక్టరు గారు అప్పటికప్పుడు డోసు తగ్గించారు. లేకపోతే పెంచిన డోసంతా ఆ రాత్రే ఒంట్లోకి వెళ్ళి షుగర్ పడిపోయేది.

వాస్తవం: ఇప్పుడు "అర్థమైందా?" అని అడగను. "ఇంటికెళ్ళాక మీ ఆవిడకు ఎలా చెప్తారో నాకోసారి చెప్పండి" అంటాను. సూది విషయమైతే చేసి చూపించమంటాను. తప్పితే అది నేను చెప్పడంలో లోపమే, మళ్ళీ మొదటి నుంచి చెప్తాను. వచ్చినప్పుడల్లా పొట్ట కూడా తడిమి చూస్తాను. ఒకేచోట గుచ్చి గుచ్చి గడ్డకట్టిన చోట ఇన్సులిన్ ఒంటికి సరిగా పట్టదు. నొప్పి తెలియదని చాలామంది అక్కడే గుచ్చుకుంటారు.

అపోహ: భయపెడితే దారికొస్తారు.

వాస్తవం: కుళ్ళిన కాళ్ళ ఫొటోలు గోడనిండా అంటించిన రోజులు నేనూ చూశాను. అవి చూసి తీపి మానినవాళ్ళకంటే రావడం మానినవాళ్ళే నాకు ఎక్కువ గుర్తు. ఫొటోలు పీకేసి ఒక చేతి అద్దం పెట్టుకున్నాను. దాన్ని అరికాలి కింద పట్టి ఎలా చూసుకోవాలో నేర్పుతాను. చెప్పులు వేసుకునే ముందు లోపల చేత్తో తడమమంటాను. స్పర్శ పోయిన కాలికి మేకు దిగినా తెలియదు.

అపోహ: చదువు రానివాళ్ళకు ఇన్సులిన్ డోసు నేర్పలేం.

వాస్తవం: బస్సు మీద నంబరు చూసి ఎక్కే ఆమెకు పెన్ను మీద 14 కనిపించదా? పొద్దుటి డోసు పక్కన సూర్యుడు, రాత్రి డోసు పక్కన చంద్రుడు గీసిస్తాను. అంతే.

అపోహ: డయట్ చార్టు ఇచ్చేస్తే తిండి సంగతి తేలిపోయినట్టే.

వాస్తవం: ఓట్సు, ఆలివ్ నూనె ఉన్న చార్టు మా పేషెంట్ల ఇళ్ళలో మడతపడి దేవుడి పటం వెనక్కి చేరుతుంది. అందుకే నిన్న పొద్దుటి నుంచి ఏం తిన్నారో అడిగి అక్కడి నుంచి మొదలుపెడతాను. "రాత్రి అన్నం మానేశానండీ, చపాతీలే" అంటారు. ఎన్నంటే నాలుగు, అందులోకి బంగాళాదుంప కూర. రెండు మధ్యరకం చపాతీల్లో దాదాపు కప్పు అన్నంలో ఉన్నంత పిండిపదార్థం ఉంటుందని చెబితే నమ్మరు. వాదించను. ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే ఒక రాత్రి చపాతీ, ఇంకో రాత్రి కప్పు అన్నంతో సగం కంచం కూర తిని, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు చూసుకోమంటాను. రాగిజావ మీద నమ్మకం కూడా ఇలాగే కదిలింది. మెత్తటి పిండితో కాచిన జావ గ్లాసెడు తాగితే షుగర్ త్వరగానే ఎక్కుతుంది. సొంత వేలి నుంచి వచ్చిన అంకెతో ఎవరూ పోట్లాడరు.

అపోహ: పేషెంటుకు చెబితే చాలు.

వాస్తవం: వండేది ఇంకొకరు. అర్ధరాత్రి షుగర్ పడిపోయి చెమటలు పట్టి, మాట తడబడుతుంటే ఆదుకోవాల్సిందీ ఇంకొకరే. "షుగర్ ఉన్న మనిషికి చక్కెర ఎట్లా పెడతామండీ?" అని ఆ క్షణంలో ఆగిపోయిన ఇల్లాళ్ళను చూశాను. అందుకని భార్యనో కోడలినో కూర్చోబెట్టి గ్లాసు, చెంచా చేతికిస్తాను. 70 కంటే తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాలాగి మళ్ళీ చూడాలి, పెరగకపోతే ఇంకోసారి ఇవ్వాలి. చాక్లెట్టు, బిస్కెట్లు వద్దు, అందులోని కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

అపోహ: ఒకసారి నేర్పితే సరిపోతుంది.

వాస్తవం: మధ్యలో వస్తువులు మారిపోతాయి. ఒకావిడకు అమెరికా నుంచి కొడుకు ప్రేమగా సిరంజీల పెట్టె తెచ్చాడు. మన దగ్గర ఎక్కువగా దొరికే ఇన్సులిన్ సీసాలు మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజీ. అక్కడివి 100వి, నారింజ మూత. ఆమె పాత అలవాటుగానే 20 గీత దాకా లాగింది. లోపలికి వెళ్ళింది 8 యూనిట్లే. అదే 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజీతో 20 గీత దాకా లాగి ఉంటే 50 వెళ్ళేవి. అప్పటి నుంచి సీసా, సిరంజీ రెండూ సంచిలో వేసుకుని రమ్మంటున్నాను. నా బల్ల మీద పక్కపక్కన పెట్టి, రెంటి మీదా ఒకే అంకె ఉందో లేదో వాళ్ళచేతే చూపుడు వేలితో చూపించమంటాను.