పదో తరగతి ఐటీ పరీక్ష: అపోహలు, వాస్తవాలు

సిబిఎస్‌ఇ పదో తరగతి పిల్లలకు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ పాఠం చెబుతుంటాను. కోడ్ 402. ఏటా సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు బడికి తిరిగి వచ్చేసరికి తల్లిదండ్రుల నోట, పిల్లల నోట అవే మాటలు వినిపిస్తాయి. తెలివితక్కువ వల్ల మార్కులు పోగొట్టుకున్న పిల్లలను నేను పెద్దగా చూడలేదు. ఈ మాటలు నమ్మి పోగొట్టుకున్నవారినే ఎక్కువగా చూశాను.

ముందు పరీక్ష ఎలా ఉంటుందో తెలియాలి. మొత్తం 100 మార్కులు. అందులో 50 రాతపరీక్షకు, 50 ప్రాక్టికల్స్, ప్రాజెక్టు, వైవా వంటివాటికి. రాతపరీక్షకు సమయం 2 గంటలు. ప్రశ్నపత్రంలో 21 ప్రశ్నలుంటే 15 రాయాలి. చిన్న ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు 24 మార్కులు, వివరంగా రాసేవాటికి 26.

అపోహ: "ఇది ఆరో సబ్జెక్టు. మార్కులు ఎలా వచ్చినా ఫరవాలేదు."

గణితం, సైన్స్, సోషల్‌లలో ఏదో ఒకదానిలో విద్యార్థి తప్పినప్పుడు, ఆరో సబ్జెక్టుగా తీసుకున్న ఐటీ లాంటి స్కిల్ సబ్జెక్టులో ఉత్తీర్ణత ఉంటే దాన్ని ఆ స్థానంలోకి తీసుకుని ఫలితం లెక్కిస్తారు. ఒక్క సబ్జెక్టు దగ్గర ఆగిపోయే పిల్లవాడిని ఇది గట్టెక్కిస్తుంది. అయితే దీన్ని సాకుగా తీసుకుని లెక్కలు వదిలేయమని మాత్రం ఎవరికీ చెప్పను. ఇంటర్‌లో ఎంపీసీ చదవాలనుకున్న పిల్లవాడికి పదిలో పోయిన గణితం స్థానంలో ఐటీ మార్కు వచ్చి చేరితే ఒరిగేది ఏమీ లేదు.

అపోహ: "మావాడు రోజంతా ఫోనులోనే ఉంటాడు. ఐటీ చదవక్కరలేదు."

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ పిల్లవాడే ల్యాబ్‌లో మొదటి రోజు తాను సేవ్ చేసిన ఫైలు ఎక్కడుందో తెలియక దిక్కులు చూస్తాడు. ఫోను ఫైళ్లను, ఫోల్డర్లను మన కంటికి కనబడకుండా దాచేస్తుంది. ఈ పరీక్షలో అడిగేది స్టైల్స్, స్ప్రెడ్‌షీట్‌లో విశ్లేషణ, డేటాబేస్. ఫోను వేగంగా వాడటానికీ వీటికీ సంబంధం లేదు.

అపోహ: "మెట్లు బట్టీ పడితే చాలు. ఎలాగూ పరీక్ష కాగితం మీదే కదా."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

విషయసూచిక తయారు చేయడం అనే పాఠం తీసుకోండి. పిల్లలు మెట్లన్నీ అప్పజెబుతారు: ఇన్సర్ట్ మెనూ, టేబుల్ ఆఫ్ కంటెంట్స్, ఓకే. ల్యాబ్‌లో చేయమంటే సగం మందికి విషయసూచిక అన్న శీర్షిక తప్ప దాని కింద ఒక్క పంక్తి కూడా రాదు. ఎందుకంటే వాళ్లు అధ్యాయాల పేర్లను పెద్ద అక్షరాలు చేసి, బోల్డ్ పెట్టి వదిలేశారు. చూడటానికి అవి శీర్షికల్లాగే ఉంటాయి. కానీ రైటర్ (పిల్లలు ల్యాబ్‌లో వాడే లిబ్రే ఆఫీస్‌లో వర్డ్ లాంటిది) అక్షరం ఎంత లావుగా ఉందో చూడదు, దానికి హెడింగ్ స్టైల్ వేశారా లేదా అన్నదే చూస్తుంది. ఆ ఖాళీ విషయసూచికను ఒక్కసారి కళ్లారా చూసిన పిల్లవాడు స్టైల్స్ వల్ల ఉపయోగమేమిటన్న ప్రశ్నకు జవాబు జన్మలో మరిచిపోడు. తర్వాత మధ్యలో మరో అధ్యాయం చేర్చమంటాను. విషయసూచికలో అది దానంతట అది చేరదు, అప్‌డేట్ చేయాలి. ఇదీ చేస్తేనే తెలుస్తుంది.

స్ప్రెడ్‌షీట్‌లోని గోల్ సీక్ సంగతీ అంతే. "కావలసిన ఫలితం నుంచి దానికి తగిన విలువను కనుక్కునే సాధనం" అని నిర్వచనం గడగడా చెబుతారు. మూడు పెట్టెల్లో ఏ సెల్ పేరు ఎక్కడ పెట్టాలంటే తడబడతారు. అందుకని వాళ్ల మార్కులతోనే చేయిస్తాను. నాలుగు పరీక్షల్లో 78, 82, 69, 85 వచ్చాయి. బి1 నుంచి బి4 దాకా వాటిని వేసి, ఐదో పరీక్షకు బి5లో ప్రస్తుతానికి 50 వేస్తాం. బి6లో ఐదింటి సగటు సూత్రం రాస్తే 72.8 వస్తుంది. మనకు సగటు 80 కావాలి. ఫార్ములా సెల్‌లో బి6, టార్గెట్ విలువలో 80, వేరియబుల్ సెల్‌లో బి5. ఓకే నొక్కితే 86 అని చెప్పి, ఆ విలువను సెల్‌లో పెట్టమంటారా అని అడుగుతుంది. "అంటే చివరి పరీక్షలో 86 తెచ్చుకోవాలా సార్!" అని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. ఆ మాట వచ్చిందంటే పాఠం అందినట్టే. మారే విలువ ఒక్కటే అయితే గోల్ సీక్, విలువలు చాలా ఉండి వాటికి షరతులు కూడా ఉంటే సాల్వర్. ఈ తేడాను 4 మార్కుల ప్రశ్నగా ఇచ్చినా అప్పుడు చెమటలు పట్టవు.

డేటాబేస్‌లో ఒకసారి ఒక అమ్మాయి ఒక్క విద్యార్థి ఊరు పేరు మార్చబోయింది. అప్‌డేట్ రాసింది, సెట్ రాసింది, ఏ వరుస మారాలో చెప్పే వేర్ షరతు మరిచిపోయింది. టేబుల్ తెరిచి చూస్తే పన్నెండు మందిదీ తెనాలే. ముఖం పాలిపోయింది. ఫరవాలేదమ్మా అని చెప్పి, అందరినీ ఆ కంప్యూటర్ చుట్టూ చేర్చి చూపించాను. వేర్ లేకుండా అప్‌డేట్ చేస్తే అన్ని వరుసలూ మారతాయి, వేర్ లేకుండా డిలీట్ చేస్తే అన్ని వరుసలూ పోతాయి కానీ టేబుల్ నిలుస్తుంది, డ్రాప్ అంటే టేబుల్ కూడా ఉండదు. ఆ సంవత్సరం ఆ తరగతిలో ఈ మూడింటినీ కలగాపులగం చేసినవారు లేరు.

అపోహ: "వర్డ్, ఎక్సెల్ వచ్చు. లిబ్రే ఆఫీస్ కూడా అదే."

భావన ఒకటే, దారులు వేరు. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడివడి వచ్చిన లిబ్రే ఆఫీస్‌కు తనదైన అమరిక ఉంది. గోల్ సీక్ ఎక్సెల్‌లో డేటా ట్యాబ్ కింద ఉంటుంది, లిబ్రే ఆఫీస్‌లోని స్ప్రెడ్‌షీట్ అయిన కాల్క్‌లో టూల్స్ మెనూలో ఉంటుంది. మెట్లు రాయమన్నప్పుడు ఎక్సెల్ దారి రాస్తే అది ఈ ప్రశ్నకు జవాబు కాదు. రైటర్‌లో పేజీకి కూడా స్టైల్ ఉంటుంది, వర్డ్‌లో అలాంటిది లేదు. రైటర్‌లో ఎఫ్11 నొక్కితే స్టైల్స్ పట్టీ తెరుచుకుంటుంది.

చేసిన పనులను రికార్డ్ చేసి మళ్లీ నడిపించే మాక్రో దగ్గర దాదాపు అందరూ ఆగిపోతారు. కాల్క్‌లో మాక్రో రికార్డ్ చేసే ఆదేశం మొదట మెనూలో కనబడదు. టూల్స్, ఆప్షన్స్, లిబ్రే ఆఫీస్, అడ్వాన్స్‌డ్ వరకు వెళ్లి మాక్రో రికార్డింగ్‌ను అనుమతించే గడిలో టిక్కు పెట్టాలి. లిబ్రే ఆఫీస్‌లో డేటాబేస్ కోసం వాడే బేస్‌లోనూ ఇలాంటి చిక్కు ఒకటుంది. టూల్స్ మెనూలోని ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాష) పెట్టెలో ఆదేశం రాసేటప్పుడు, టేబుల్ పేరులో చిన్న అక్షరాలుంటే ఆ పేరును జంట కొటేషన్ గుర్తుల మధ్య ఉంచాలి. లేకపోతే బేస్ దాన్ని మొత్తం పెద్ద అక్షరాలుగా తీసుకుని అలాంటి టేబులే లేదంటుంది. ఊరు పేరులాంటి అక్షరాల విలువలకైతే ఒంటి కొటేషన్ గుర్తులు. తమ తప్పేమీ లేదనుకుని పిల్లలు గంటసేపు కూర్చునేది ఇక్కడే.

అపోహ: "ఎంప్లాయబిలిటీ స్కిల్స్ లోకజ్ఞానంతో రాసేయవచ్చు."

దీనికి 10 మార్కులు, అంటే రాతపరీక్షలో ఐదో వంతు. కమ్యూనికేషన్, సెల్ఫ్ మేనేజ్‌మెంట్, ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతికత), ఎంట్రప్రెన్యూర్‌షిప్, గ్రీన్ స్కిల్స్ అనే ఐదు చిన్న పాఠాలు. లోకజ్ఞానంతో రాసిన జవాబు చదవడానికి బాగుంటుంది కానీ దానికి మార్కు పడదు. స్మార్ట్ లక్ష్యాలంటే ఐదు అక్షరాలకూ ఐదు మాటలు రావాలి. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు 17 అని, వాటికి గడువు 2030 అని తెలిసి ఉండాలి. రెండు ఆదివారాలు కూర్చుంటే ఈ పది మార్కులూ చేతిలో పడతాయి. ఇంత తక్కువ శ్రమకు ఇన్ని మార్కులు ఈ పుస్తకంలో ఇంకెక్కడా లేవు.

అపోహ: "ఎంత ఎక్కువ రాస్తే అంత మంచిది."

2 మార్కుల జవాబు 20 నుంచి 30 మాటల్లో, 4 మార్కులది 50 నుంచి 80 మాటల్లో రాయమని ప్రశ్నపత్రమే చెబుతుంది. ప్రైమరీ కీ అంటే ఏమిటన్న ప్రశ్నకు డేటాబేస్ గొప్పతనంతో మొదలుపెట్టి పేజీ నింపిన కాగితాలు దిద్దాను. టేబుల్‌లో ప్రతి వరుసనూ విడిగా గుర్తుపట్టేది, దానిలో ఒకే విలువ రెండుసార్లు రాకూడదు, ఖాళీగా ఉండకూడదు, ఉదాహరణకు రోల్ నంబరు. అంతే.

అపోహ: "ఛాయిస్‌లో అదనంగా రాస్తే మొదట రాసినవే దిద్దుతారు."

కాదు. అదనంగా రాసినప్పుడు ఎక్కువ మార్కులు వచ్చే జవాబునే ఉంచమని మూల్యాంకనం చేసేవారికి బోర్డు సూచన ఉంది. ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు కూడా లేవు. కాబట్టి ఆరింటిలో ఐదు రాయమన్నచోట ఆరోదీ రాయండి, అర నిమిషం పని. 4 మార్కుల ప్రశ్నల దగ్గర మాత్రం ఆ ఆశ వద్దు. ఉన్నది రెండు గంటలు. ఆరంభంలో ఇచ్చే 15 నిమిషాల చదువుకునే సమయంలోనే ఏవి రాయాలో తేల్చుకోండి.

పాత ప్రశ్నపత్రాల గురించి ఒక్క మాట. పాతవి ఎన్ని చేస్తే అంత మంచిదని ఫొటోస్టాట్ దుకాణాల్లో కట్టలు కొంటారు. వెనకటి పుస్తకాల్లో ఓపెన్ ఆఫీస్ ఉండేది, ఆ తర్వాత పాఠాలూ మారాయి. ముందు ఈ ఏటి సిలబస్, ఈ ఏటి నమూనా పత్రం, దాని మార్కుల పద్ధతి చూడండి. బోర్డు వాటిని ఉచితంగానే ఇస్తుంది.

అపోహ: "మా ఇంట్లో కంప్యూటర్ లేదు. మా అమ్మాయికి ఈ సబ్జెక్టు రాదు."

ఈ మాట చాలా నెమ్మదిగా, తలవంచుకుని అంటారు. అందుకే గట్టిగా చెబుతున్నాను, వస్తుంది. కొన్నేళ్ల కిందట ఇంట్లో కంప్యూటర్ లేని ఒక విద్యార్థిని ల్యాబ్ పీరియడ్‌లో చేసిన ప్రతి పనినీ సాయంత్రం ఇంటికెళ్లి కాగితం మీద మళ్లీ చేసేది. గోల్ సీక్ పెట్టెను స్కేలుతో గీసి, మూడు గడుల్లో ఏం రాయాలో పెన్సిలుతో నింపేది. మర్నాడు ల్యాబ్‌లో ముందు ఆ కాగితం పక్కన పెట్టుకుని తెర తెరిచేది. తాను గీసినదానికీ తెరమీద ఉన్నదానికీ ఎక్కడ తేడా ఉందో చూసి ఎర్ర సిరాతో దిద్దుకునేది. అలా గీసిన కాగితాలు రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి అయ్యాయి. పరీక్ష ముందురోజు ఆమె చదివింది ఆ నోటుపుస్తకమే. వెళ్లిపోతూ దాన్ని తర్వాతి తరగతి వాళ్లకోసమని ల్యాబ్ బీరువాలో పెట్టి వెళ్లింది. ఇప్పటికీ ఆ బీరువాలోనే ఉంది. ఇంట్లో కంప్యూటర్ లేదని ఏ పిల్ల వచ్చి చెప్పినా ముందు దాన్ని తీసి చేతికిస్తాను.