చెంచా మెంతులు, వంద గ్రాముల మెంతులు

పొడపత్రి ఆకు ఒకటి నిమిషం సేపు నమిలి ఉమ్మేసి, చిటికెడు పంచదార నాలుక మీద వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది. పులుపు తెలుస్తుంది, ఉప్పు తెలుస్తుంది, తీపి ఒక్కటే జాడ లేదు. కాసేపటికి నాలుక మళ్లీ దారిలో పడుతుంది. హిందీ వాళ్లు దీన్ని గుడ్‌మార్, అంటే బెల్లాన్ని చంపేది అంటారు. 1887లో ఊటీలో ఉద్యోగం చేస్తున్న డేవిడ్ హూపర్ ఈ ఆకులోంచి తీపి తెలియనివ్వని జిమ్నెమిక్ యాసిడ్‌ను వేరుచేశాడు. నాలుక మీద తీపి చచ్చింది కాబట్టి రక్తంలో షుగర్ కూడా చస్తుందని జనం అనుకోవడంలో వింతేమీ లేదు. కానీ ఆ రెండూ వేర్వేరు సంగతులు. 1990లో మద్రాసులో ఇన్సులిన్ తీసుకునే రోగులకు పొడపత్రి సారం ఇచ్చి చూస్తే ఇన్సులిన్ అవసరం తగ్గిందన్నారు. రోగులు మాత్రం పాతిక మంది పైచిలుకే.

మొక్క నుంచి నిజంగా బిళ్ల దాకా వచ్చిన కథ యూరప్‌ది. గాలెగా అనే ఊదాపూల మొక్కను అక్కడ అతిమూత్రానికి వాడేవాళ్లు. గొర్రెలు ఎక్కువగా మేస్తే చచ్చిపోయేవి. అందులోని గాలెజిన్ షుగర్‌ను తగ్గించేది, మనిషికి పడేది కాదు. దాని రసాయన చుట్టమైన మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందును 1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ తయారుచేశారు. సరిగ్గా ఆ ఏడాదే ఇన్సులిన్ మనుషులకు ఇవ్వడం మొదలైంది, ఇక దీన్ని పట్టించుకున్నవాడెవడు? 1957లో ఫ్రెంచి డాక్టర్ జాన్ స్టెర్న్ రోగులకిచ్చి ఫలితాలు ప్రకటించాడు. ఈలోగా దాని అన్న లాంటి ఫెన్‌ఫార్మిన్ రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెంచి ప్రాణాలు తీయడంతో 1970ల చివర్లో అమెరికాలో ఆపేశారు. ఆ చెడ్డపేరు మెట్‌ఫార్మిన్‌కీ అంటింది. అమెరికాలో దానికి అనుమతి వచ్చింది 1994 డిసెంబరులో! ఇవాళ మనం మింగే ఆ బిళ్లలో ఆకు పసరు చుక్క కూడా లేదు, అంతా ఫ్యాక్టరీ సరుకే.

యాపిల్ చెట్టు వేరు బెరడుదీ ఇదే దారి. 1835లో అందులోంచి తీసిన ఫ్లోరిజిన్ అనే పదార్థం చక్కెరను మూత్రంలోకి పంపేస్తుందని 1886లో తెలిసింది. కిడ్నీలు చక్కెరను వెనక్కి పీల్చుకోకుండా అది అడ్డుపడుతుందని తేలింది ఆ తర్వాతే. నోటితో మింగితే పేగుల్లోనే ముక్కలైపోతుంది. దాని రూపం మార్చి చేసిన డపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్ల యూరప్‌లో 2012లో అమ్మకానికొచ్చింది.

ఇక మెంతులు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల పరీక్షను మెంతుల ప్రకటనలు ఇప్పటికీ తలుచుకుంటాయి. 1990లో ఇన్సులిన్ మీదున్న పదిమంది రోగులకు నూనె తీసేసిన మెంతిపిండిని పది రోజులు భోజనంలో కలిపి పెట్టారు. మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. కానీ పెట్టిన పిండి రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్నం సగం, రాత్రి సగం. మనం పొద్దున్నే నానబెట్టుకుని తినే చెంచా మెంతులు అయిదారు గ్రాములుంటాయేమో. మెంతుల్లోని జిగురు పీచు పేగుల్లోంచి రక్తంలోకి చక్కెర ఎక్కడాన్ని నెమ్మది చేస్తుంది, ఆ పని జరగాలంటే పీచు అంత ఉండాలి మరి.

బరువు తగ్గించే మొక్కల్లో బాగా ఊరేగింది కుడంపులి, కేరళ వాళ్లు చేపల పులుసులో వేసే పండు. అందులోని హైడ్రాక్సీసిట్రిక్ యాసిడ్‌ను 1965లో మైసూరు ఆహార పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు లూయిస్, నీలకంఠన్ గుర్తించారు. ఎలుకల్లో అది కొవ్వు తయారీని తగ్గించింది. ఆ తర్వాత అమెరికాలో 135 మందికి 12 వారాల పాటు, కొందరికి అసలుది, కొందరికి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి తూకం వేశారు. తేడా లేదని 1998లో తేల్చారు. డబ్బాల అమ్మకం మాత్రం ఆగలేదు.